స్నోబ్లోయర్ గేర్‌బాక్స్: చలికాలం ముందు ఏ ఆయిల్ పోయాలి, ఎక్కడెక్కడ గ్రీజు పెట్టాలి?

తెల్లవాకిలి (కొత్త సభ్యుడు)

అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఒక సెకండ్‌హ్యాండ్ టూ-స్టేజ్ స్నోబ్లోయర్ (మంచును తీసి దూరంగా విసిరే యంత్రం) కొన్నాను. ఇంజన్ మొదటి లాగుకే స్టార్ట్ అవుతోంది, ఆ విషయంలో బెంగ లేదు. అమ్మినాయన దగ్గర మాన్యువల్ లేదు. గేర్‌బాక్స్ ఎప్పుడైనా విప్పారా అంటే ఆయనకీ తెలియదన్నారు.

ముందు భాగంలో మంచును లాక్కునే రెండు మరలకు మధ్యలో పోత ఇనుముతో చేసిన గుండ్రటి భాగం ఉంది. గేర్‌బాక్స్ అదేనని అనుకుంటున్నాను. దానికి ఒక ప్లగ్ ఉంది, ఆ చుట్టుపక్కల నూనె జిడ్డు కనిపిస్తోంది. ఇంజన్ ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్ చూసుకోవడం నాకు వచ్చు. గేర్‌బాక్స్ జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. మంచు మొదలయ్యేలోపు దీనికి ఏం చేయాలి? ప్లగ్ తీసి ఆయిల్ పోస్తే సరిపోతుందా?

వర్మ్‌గేర్ (సీనియర్ సభ్యుడు)

తెల్లవాకిలి గారూ, గేర్‌బాక్స్ అదే. ఆయిల్ సంగతి చెప్పేముందు అంతకంటే ముఖ్యమైన పని ఒకటుంది. చాలామంది దాన్ని వదిలేసి ఆయిల్ ఒక్కటే చూసుకుంటారు. ఆ తర్వాత గేర్‌బాక్స్ పగిలితే ఆయిల్‌ను తిడతారు.

ఇంజన్ నుంచి వచ్చే షాఫ్ట్ వెనక ఇంపెల్లర్‌ను (మంచును బయటికి విసిరే రెక్కల చక్రాన్ని) తిప్పుతూ గేర్‌బాక్స్‌లోకి వస్తుంది. ఆ షాఫ్ట్ చివర స్క్రూ ఆకారంలో ఉక్కు వర్మ్ ఉంటుంది. అది చాలా మెషీన్లలో కంచుతో చేసిన పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం అడ్డంగా ఉన్న ఆగర్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. వేగం బాగా తగ్గి, బలం బాగా పెరుగుతుంది. మంచుగడ్డల్ని నలిపే బలమంతా చివరికి ఆ కంచు పళ్ల మీదే పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మీరు మరలు అంటున్న రెండు ఆగర్లూ షాఫ్ట్‌కు అతికించి ఉండవు. ఒక్కొక్కటి గొట్టంలా షాఫ్ట్ మీద తొడిగి ఉంటుంది. ఆగర్‌నూ షాఫ్ట్‌నూ కలిపి పట్టుకునేది షియర్ పిన్ ఒక్కటే. మంచులో దాక్కున్న రాయో, గడ్డకట్టిన పేపర్ కట్టో ఆగర్‌కు అడ్డుపడితే పిన్ తెగిపోవాలి. ఆగర్ ఆగిపోయి, షాఫ్ట్ దాని లోపల ఒంటరిగా తిరగాలి. అప్పుడే గేర్‌బాక్స్ బతుకుతుంది.

ఆ గొట్టానికీ షాఫ్ట్‌కూ మధ్య గ్రీజు లేకపోతే తడి చేరి తుప్పు పడుతుంది, కొన్నాళ్లకు రెండూ ఒకే ముక్క అయిపోతాయి. ఇక పిన్ ఉన్నా లేనట్టే. రాయి తగిలిన దెబ్బ నేరుగా కంచు పళ్ల మీదికి వెళ్తుంది. పళ్లు రాలిపోవచ్చు, అల్యూమినియం కేసు అయితే పగలనూ వచ్చు. అందుకే మొదట చేయాల్సిన పని ఇది: ఇంజన్ ఆపి, తాళం తీసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి పక్కకు కట్టేయండి. రెండు షియర్ పిన్నులూ తీసి, ఒక్కో ఆగర్‌ను చేత్తో తిప్పండి. షాఫ్ట్ కదలకుండా ఆగర్ ఒక్కటే తిరుగుతోందా? అది చూసి ఇక్కడ చెప్పండి. ఆయిల్ మాట తర్వాత.

స్పానర్‌పెట్టె (సభ్యుడు)

వర్మ్‌గేర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను విప్పి చూసిన పాడైన గేర్‌బాక్సుల్లో ఎక్కువ వాటికి ఆయిల్ నిండుగానే ఉంది, ఆగర్లు మాత్రం షాఫ్ట్‌కు బిగుసుకుపోయి ఉన్నాయి.

ఆగర్ గొట్టం మీద గ్రీజు నిపుల్ (గ్రీజు గన్ తగిలించే చిన్న మొన) ఉందేమో చూడండి, పక్కకొకటి ఉంటుంది. మట్టి, పెయింటు కప్పేసి కనిపించకపోవచ్చు, గుడ్డతో తుడిచి వెతకండి. నిపుల్ ఉంటే పిన్నులు తీసేసి, గ్రీజు గన్‌తో గొట్టం చివరల్లో గ్రీజు బయటికి కనిపించేదాకా కొట్టండి. మధ్యమధ్యలో ఆగర్‌ను చేత్తో తిప్పితే గ్రీజు లోపలంతా పాకుతుంది. పిన్నులు బిగించే ఉంచి గ్రీజు కొడితే అది ఒకవైపే పేరుకుంటుంది. తిప్పడం మర్చిపోవద్దు.

కొన్ని మోడళ్లకు నిపుల్ ఉండదు. వాటికి పిన్ను రంధ్రాల్లోంచి, గొట్టం చివరల్లోంచి నూనె స్ప్రే చేసి తిప్పాలి. పిన్ను మార్చిన ప్రతిసారీ ఇంకొంచెం కొట్టడం మంచిది.

ఆయిల్‌డబ్బా (సభ్యుడు)

ఆయిల్ విషయం నేను చెబుతాను. మామూలుగా అందరూ వాడేది 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్. కానీ చలి తీవ్రంగా ఉండే చోట ‘డబ్ల్యూ’ ముందున్న అంకెను పట్టించుకోవాలి. ఎస్‌ఏఈ (SAE) ప్రమాణం ప్రకారం 85డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 12 డిగ్రీల సెల్సియస్ దాకా, 80డబ్ల్యూకు మైనస్ 26 దాకా, 75డబ్ల్యూకు మైనస్ 40 దాకా చిక్కదనం హద్దులో ఉండాలి. అంతకంటే చలిలో ఆయిల్ మరీ చిక్కబడి, మొదటి కొన్ని నిమిషాలు పళ్ల దగ్గరికి సరిగా చేరదు. మెషీన్‌ను షెడ్డులో కాకుండా బయటే ఉంచేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. డబ్బా మీద గేర్ ఆయిల్ రకం జీఎల్-4 అని ఉన్నదే తీసుకోండి, జీఎల్-5 వద్దు. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ ఉన్న రసాయనాలు ఎక్కువ. అవి కంచును తినేస్తాయి.

వర్మ్‌గేర్ (సీనియర్ సభ్యుడు)

ఆయిల్‌డబ్బా గారూ, చలి లెక్క సరిగ్గా చెప్పారు. జీఎల్-5 విషయంలో మాత్రం మీతో కొంచెం విభేదిస్తాను. ఆ రసాయనాలు కంచు మీద పనిచేసేది ప్రధానంగా ఆయిల్ బాగా వేడెక్కినప్పుడు. కారు గేర్‌బాక్స్‌లో ఆ భయానికి అర్థముంది. ఇది మంచులో మునిగి తిరిగే గేర్‌బాక్స్, అంత వేడి ఇక్కడ పుట్టదు. పైగా కొన్ని టోరో పవర్ మ్యాక్స్ మోడళ్ల మాన్యువల్స్‌లో జీఎల్-5 లేదా జీఎల్-6 ఆయిలే పోయమని రాశారు, సింథటిక్ వద్దన్నారు. ఏరియన్స్ వాళ్లేమో చాలా మోడళ్లకు తమ సింథటిక్ గేర్ ఆయిలే వాడమంటారు. ఒకదానికి మంచిదైంది ఇంకోదానికి వద్దన్నమాట. సీల్ రబ్బరు, పళ్ల లోహం, కేసులో ఖాళీ ఎంత అన్నవి చూసుకుని కంపెనీలు ఆయిల్ నిర్ణయిస్తాయి. అందుకని మోడల్ నంబరు ప్లేటు మీద చూసి మాన్యువల్ వెతకడమే మొదటి దారి. అది దొరక్కపోతేనే మన ఊహలు.

ఆయిల్‌డబ్బా (సభ్యుడు)

మాన్యువల్‌లో జీఎల్-5 అని ఉంటే నాకు అభ్యంతరం లేదండీ. కానీ మాన్యువల్ దొరకని పాత మెషీన్‌కు, లోపల ఏ లోహం ఉందో తెలియనప్పుడు, నేను జీఎల్-4 వైపే మొగ్గుతాను.

వర్మ్‌గేర్ (సీనియర్ సభ్యుడు)

ఆ సందర్భంలో అదే సరైన పని, ఒప్పుకుంటాను.

పెరటిబాట (సభ్యురాలు)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మాది సింగిల్-స్టేజ్ మెషీన్. ముందు రబ్బరు రెక్కలున్న ఒకటే ఆగర్ ఉంది. గేర్‌బాక్స్ ఎంత వెతికినా కనిపించలేదు. ఎక్కడ ఉంటుంది?

స్పానర్‌పెట్టె (సభ్యుడు)

చాలా సింగిల్-స్టేజ్ మెషీన్లకు ఆగర్ గేర్‌బాక్స్ ఉండదమ్మా. ఇంజన్ నుంచి బెల్టు నేరుగా ఆగర్‌ను తిప్పుతుంది. మీరు చూసుకోవాల్సినవి బెల్టు పగుళ్లు, రబ్బరు రెక్కల అరుగుదల, కింద గీకే పట్టీ. బెల్టుకు నూనె తగలనివ్వకండి, అంతే.

గడ్డగ్రీజు (సభ్యుడు)

ఇంకో రకం గేర్‌బాక్స్ గురించి ఎవరూ చెప్పలేదు. ప్లగ్ అంటూ లేని అల్యూమినియం గేర్‌బాక్సులు చాలా ఉన్నాయి. వాటిలో ఆయిల్ కాకుండా 00 గ్రేడ్ గ్రీజు నింపి, ఫ్యాక్టరీలోనే మూసేస్తారు. దీన్ని తెరిచి గేర్ ఆయిల్ పోస్తే అది సీళ్లలోంచి కారిపోతుంది, ఎందుకంటే ఆ సీళ్లు పలుచటి ఆయిల్‌ను ఆపేందుకు పెట్టినవి కావు. ప్లగ్ లేని గేర్‌బాక్స్ కారకుండా, శబ్దం చేయకుండా ఉంటే దాన్ని కదపకండి.

మామూలు గ్రీజు గన్‌లో ఉండే గ్రీజు నంబర్ 2. దాన్ని గేర్‌బాక్స్‌లో నింపేవాళ్లను చూశాను. అది పొరపాటు. అంత గట్టి గ్రీజులో పళ్లు తమ దారి తాము తవ్వుకుంటాయి, తవ్విన గాడిలోకి గ్రీజు మళ్లీ జారి రాదు. చుట్టూ గ్రీజు నిండుగా ఉన్నా పళ్లు పొడిగా ఒరుసుకుంటాయి. లెక్క కావాలంటే, గ్రీజు మెత్తదనాన్ని ఒక శంకువు అందులో ఎంత లోతుకు దిగిందో చూసి కొలుస్తారు, మిల్లీమీటరులో పదో వంతు లెక్కన. నంబర్ 2కు ఆ కొలత 265 నుంచి 295. 00కు 400 నుంచి 430. అంటే 00 దాదాపు చిక్కటి ద్రవం, తనంతట తాను పళ్ల మీదికి తిరిగొస్తుంది.

ఆయిల్ గేర్‌బాక్స్ సీల్ కొంచెం కారుతుంటే, సీల్ మార్చేదాకా కొందరు 00 గానీ, పొలం యంత్రాలకు వాడే కార్న్ హెడ్ గ్రీజు గానీ నింపి సీజన్ గడుపుతారు. కార్న్ హెడ్ గ్రీజు తిరుగుతున్నప్పుడు పలచబడి, ఆగినప్పుడు మళ్లీ చిక్కబడుతుంది, అందుకే కారదు. అత్యవసరానికి పనికొస్తుంది. కానీ లోపలున్న పాత ఆయిల్ పూర్తిగా తీయకుండా దాని మీద గ్రీజు కలపకండి.

తెల్లవాకిలి (కొత్త సభ్యుడు)

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. వర్మ్‌గేర్ గారు చెప్పినట్టే ప్లగ్ వైరు తీసేసి చూశాను. ఎడమ ఆగర్ కాస్త బిగువుగా ఉంది కానీ తిరుగుతోంది. కుడిది విడిగా అసలు కదలడం లేదు. పిన్ను తీసినా దాన్ని తిప్పితే ఎడమవైపు షాఫ్ట్ కూడా కదులుతోంది, వెనకున్న ఇంపెల్లర్ మీద కూడా ఒత్తిడి తెలుస్తోంది. మీరు భయపడిందే అయినట్టుంది. సుత్తితో కొట్టి విడదీయొచ్చా?

వర్మ్‌గేర్ (సీనియర్ సభ్యుడు)

సుత్తితో ఆగర్‌ను గేర్‌బాక్స్ వైపు కొట్టొద్దు. ఆ దెబ్బ లోపలున్న వాషర్లు, బేరింగుల మీద పడుతుంది. ఓపికగా చేస్తే సాధారణంగా వదులుతుంది.

తుప్పు వదిలించే నూనెను పిన్ను రంధ్రంలోకి, గొట్టం రెండు చివరల్లోకి కొట్టండి. మెషీన్‌ను కాస్త పక్కకు వంచి ఉంచితే నూనె లోపలికి దిగుతుంది. రాత్రంతా వదిలేసి, మర్నాడు మళ్లీ కొట్టండి. ఆ తర్వాత షాఫ్ట్ తిరగకుండా ఎడమవైపు పిన్ను పెట్టి, ఎడమ ఆగర్ కింద చెక్క దిమ్మ అడ్డు పెట్టండి. కుడి ఆగర్‌ను పొడవాటి పిడి ఉన్న పైపు రెంచ్‌తో ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం ఊపండి. ఒకేసారి బలమంతా పెట్టొద్దు, ఎందుకంటే మీరు పెట్టే బలం ఎడమ పిన్ను మీద కూడా పడుతుంది. సన్నగా గరగరమని శబ్దం వస్తే అది తుప్పు విరుగుతున్న శబ్దం. అప్పుడు నూనె మళ్లీ కొట్టి, ఊపుతూ ఉండండి.

వేడి చేయాల్సి వస్తే గేర్‌బాక్స్‌కు దూరంగా ఉన్న చివర మాత్రమే వేడి చేయండి. దగ్గరగా చేస్తే సీల్ కాలిపోతుంది. నూనె కొట్టిన చోట మంట పెట్టొద్దు, పెట్రోల్ ట్యాంకు అక్కడే ఉంటుంది.

క్లచ్‌వైరు (సభ్యుడు)

ఇంజన్ ఆపేశాం కదా అని చూట్ (మంచు బయటికి వచ్చే గొట్టం) మూసుకుపోయినప్పుడు చెయ్యి పెట్టే వాళ్లకు ఒక్క మాట. ఇంజన్ ఆగినా బెల్టులో, ఇరుక్కున్న ఇంపెల్లర్‌లో బిగువు మిగిలే ఉంటుంది. అడ్డు తొలగిన క్షణంలో రెక్క ఒక్క కుదుపుతో తిరుగుతుంది. వేళ్లు తెగేది ఇలాంటప్పుడే. మెషీన్‌తో ఇచ్చిన ప్లాస్టిక్ పుల్లతో గానీ, చెక్కతో గానీ తీయండి, చేత్తో ఎప్పుడూ వద్దు. బ్యాటరీ మెషీన్ అయితే సర్వీసుకు ముందు బ్యాటరీ బయటికి తీసేయండి.

తెల్లవాకిలి (కొత్త సభ్యుడు)

కుడి ఆగర్ వదిలింది! రెంచ్‌తో ఊపుతుంటే మొదట సన్నటి గరగర, గొట్టం చివర నుంచి ఎర్రటి తుప్పు నీళ్లలా కారింది. ఇప్పుడు చేత్తో తిరుగుతోంది. నిపుల్ రెండోవైపు పెయింటు కింద దాక్కుని ఉంది. కొత్త గ్రీజు కొడుతూ తిప్పాను. ముందు గోధుమరంగు ముద్ద బయటికి వచ్చింది, ఆ తర్వాత శుభ్రమైన గ్రీజు.

ఇక గేర్‌బాక్స్. ప్లగ్ తీశాను. కింద డ్రెయిన్ ప్లగ్ లేదు, సిరంజికి సన్నటి ట్యూబు తగిలించి కొంచెం లాగాను. ఆయిల్ నల్లగా, బూడిదరంగులో ఉంది. వేళ్ల మధ్య రుద్దితే బంగారు రంగు మెరుపు కనిపిస్తోంది. అయస్కాంతం పెడితే ఆ మెరుపు అంటుకోలేదు. ఇది ప్రమాదమా?

వర్మ్‌గేర్ (సీనియర్ సభ్యుడు)

చాలా మంచి పని చేశారు. అయస్కాంతానికి అంటలేదంటే అది కంచు పొడి. పొడిలా మెత్తగా ఉంటే ఏళ్లుగా మారని ఆయిల్‌కు అది మామూలే. రేకుల్లా, వేలికి గుచ్చుకునే ముక్కల్లా ఉంటేనే పళ్లు పోతున్నాయని అర్థం. అయస్కాంతానికి ముక్కలు అంటుకుంటే బేరింగును అనుమానించాలి. ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయన్నమాట. నీళ్లు చేరిన గేర్‌బాక్స్‌ను అలాగే చలికాలంలోకి పంపకూడదు. లోపల తుప్పు పడుతుంది, ఎక్కువ నీరైతే గడ్డకట్టి మొదటి స్టార్ట్‌కే పళ్ల మీద భారం పడుతుంది. మీకు ఆ బాధ లేనట్టుంది.

ఇప్పుడు పాత ఆయిల్ వీలైనంత లాగేయండి. అదే రకం కొత్త ఆయిల్ కొంచెం పోసి, ఆగర్‌ను చేత్తో కొన్ని చుట్లు తిప్పి, మళ్లీ లాగేయండి. అడుగున పేరుకున్న మడ్డి చాలావరకు దీంతో వచ్చేస్తుంది. పెట్రోల్‌తో కడగొద్దు.

కొందరు మెషీన్‌ను ముందుకు వంచి ఆయిల్ వంపేస్తారు. అలా చేస్తే ముందు పెట్రోల్ ట్యాంకు ఖాళీ చేయాలి, లేకపోతే మూతలోంచి కారుతుంది.

నింపడం ఇలా. మెషీన్ సమతలంగా ఉన్న నేల మీద ఉండాలి, చల్లగా ఉండాలి. ప్లగ్ పక్కన ఉంటే రంధ్రం కింది అంచు దాకా ఆయిల్ వచ్చి, కొంచెం పొర్లబోయే స్థితిలో ఆపండి. ప్లగ్ పైన ఉంటే శుభ్రమైన తీగ ముంచి చూసుకోవాలి, మాన్యువల్ చెప్పిన మట్టం దాటొద్దు. నిండా పోస్తే వ్యాకోచించడానికి చోటు ఉండదు, ఆయిల్ సీల్‌ను తోసుకుని బయటికి వస్తుంది. కొన్ని ప్లగ్‌లకు గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. సూదితో శుభ్రం చేసి బిగించండి.

తెల్లవాకిలి (కొత్త సభ్యుడు)

అర్థమైంది. మరి బయట ఉన్న జిడ్డు? సీల్ మార్చాలా?

స్పానర్‌పెట్టె (సభ్యుడు)

ముందు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోండి. గేర్‌బాక్స్ మొత్తం శుభ్రంగా తుడిచి, కింద తెల్ల కాగితం పరిచి రాత్రంతా వదిలేయండి. తడి ప్లగ్ థ్రెడ్‌ల దగ్గర మొదలైతే ప్లగ్ తీసి, థ్రెడ్‌లు తుడిచి, సీలెంట్ రాసి బిగిస్తే చాలు. రెండు భాగాలు కలిసే అతుకు దగ్గరైతే బోల్టులు చూడండి, లేదా గ్యాస్కెట్ మార్చాలి. ఆగర్ షాఫ్ట్ బయటికి వచ్చే చోటు తడిగా ఉంటేనే సీల్. సీల్ మార్చాలంటే చాలా మెషీన్లలో ఆగర్లున్న ముందరి డబ్బాను ఇంజన్ భాగం నుంచి విడదీసి, ఆగర్లు షాఫ్ట్ నుంచి ఊడదీయాలి. ఆగర్లు బిగుసుకుని ఉంటే ఆ పని నరకం. మీవి ఇప్పుడు వదులయ్యాయి కాబట్టి ఎప్పుడైనా చేసుకోవచ్చు.

క్లచ్‌వైరు (సభ్యుడు)

గ్రీజు గన్ చేతిలో ఉంది కదా అని కింది మూత తీసి కనిపించిన ప్రతిదానికీ కొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చక్రాల్ని నడిపేందుకు చాలా మెషీన్లలో రబ్బరు అంచున్న ఫ్రిక్షన్ చక్రం ఒక లోహపు పళ్లెం మీద ఒరుసుకుంటూ తిరుగుతుంది. అక్కడ ఒక్క చుక్క నూనె పడినా అది జారిపోతుంది, మెషీన్ ముందుకు కదలదు. దాని పక్కనున్న ఆరు పలకల షాఫ్ట్‌కు మాత్రం చలిని తట్టుకునే పలుచటి నూనె గుడ్డతో రాయండి, స్ప్రే వద్దు. చక్రాలు ఊడదీసి యాక్సిల్‌కు గ్రీజు రాసి పెడితే, అవి కూడా ఆగర్ల లాగే బిగుసుకోకుండా ఉంటాయి.

తెల్లవాకిలి (కొత్త సభ్యుడు)

కాగితం మీద మరక ప్లగ్ కిందే పడింది, షాఫ్ట్ దగ్గర పొడిగానే ఉంది. సీలెంట్ రాసి బిగించాను. మోడల్ నంబరు పట్టుకుని మాన్యువల్ కూడా సంపాదించాను, అందులో చెప్పిన ఆయిలే పోశాను.

చివరి సందేహం. పాత పిన్నుల్లో ఒకటి అరిగిపోయింది. నా దగ్గర అదే సైజు ఉక్కు బోల్టు ఉంది, చాలా గట్టిది. అది వేసేయొచ్చా?

వర్మ్‌గేర్ (సీనియర్ సభ్యుడు)

వద్దండీ! గట్టి బోల్టు తెగదు. అది తెగకపోతే కంచు పళ్లు తెగుతాయి. మీరు ఇంత కష్టపడి వదులు చేసిన ఆగర్ మళ్లీ బిగుసుకున్నట్టే లెక్క. మీ మోడల్‌కు చెప్పిన షియర్ పిన్నులే కొనండి, రెండు మూడు అదనంగా హ్యాండిల్ దగ్గర ఉంచుకోండి. బిగించేటప్పుడు కూడా గొట్టాన్ని నలిపేసేంత బిగించొద్దు.

సీజన్‌లో ఒక ఆగర్ ఆగి రెండోది తిరుగుతుంటే పిన్ను తెగిందన్నమాట. రెండూ ఆగిపోయినా వెనక ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటే ముందు రెండు పిన్నులూ చూడండి. అవి బాగానే ఉంటే పళ్లు పోయినట్టు, అప్పుడు వెంటనే ఆపేయాలి.

పెరటిబాట (సభ్యురాలు)

మా తమ్ముడిది టూ-స్టేజ్ మెషీన్. ఈ చర్చ తనకు పంపాను. ఇదంతా ఏటా చలికాలం ముందే చేయాలా?

స్పానర్‌పెట్టె (సభ్యుడు)

ఆయిల్ మట్టం చలికాలం ముందు చూసుకోండమ్మా. ఆగర్లకు గ్రీజు మాత్రం, నన్నడిగితే, సీజన్ ముగిసి మెషీన్‌ను మూల పెట్టే రోజున కొట్టాలి. మంచులో తిరిగి తిరిగి గొట్టం లోపల తడి చేరి ఉంటుంది, వేసవంతా మెషీన్ కదలకుండా నిలబడుతుంది. తుప్పు పట్టేది ఆ నెలల్లోనే. చలికాలం ముందు పిన్నులు తీసి ఆగర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటే సరిపోతుంది. మీ తమ్ముడిని ముందు ఆ పని చేసి, ఏ పక్క బిగువుగా ఉందో ఇక్కడ రాయమనండి.